సభకు ఏ రూపంలో వెళ్ళాలి? మీసంతోనా, చీరతోనా?

ప్రశ్న
అడిగినవారు: పాత చంద్రమతి

అందరికీ నమస్కారం. నాకు నలభై మూడేళ్ళు. సొంత ఊరు తెనాలి దగ్గర ఒక పల్లె, ఉద్యోగం హైదరాబాదులో. నేను క్రాస్ డ్రెసర్‌ని. మగవాడిగా పుట్టాను, మగవాడిగానే బతుకుతున్నాను, ఆ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. అయినా నెలకు నాలుగైదు సాయంత్రాలు తలుపులు వేసుకుని, చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, ఆ బట్టల్లోనే వంట చేసుకుని, కాసేపు ఏదైనా చదువుకుంటే తప్ప నాకు మనసు కుదుటపడదు. పెళ్ళైన మూడో ఏడు ఈ సంగతి నా భార్యకు చెప్పాను. ఆమె ఒక సంవత్సరం పాటు ఆ మాటే ఎత్తకుండా ఉండి, తరువాత మెల్లగా అలవాటుపడింది. మా ఇద్దరికీ తప్ప ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

కాలేజీ రోజుల నుంచి దాదాపు పదేళ్ళ పాటు నేను మా ఊరి నాటక సమాజంలో స్త్రీ పాత్రలు వేశాను. బయటి నుంచి నటీమణులను పిలిపించే స్తోమత మా సమాజానికి ఉండేది కాదు కాబట్టి, పద్యనాటకాల్లో చంద్రమతినీ నేనే, సత్యభామనూ నేనే. వచ్చే నెలలో ఆ సమాజం ఇరవై అయిదో వార్షికోత్సవం తెనాలిలో జరుగుతోంది. పాత నటులందరినీ వేదిక మీదికి పిలిచి, శాలువాలు కప్పి, ఒక్కొక్కరి చేత అయిదు నిమిషాలు మాట్లాడిస్తారు. నాటకం లేదు, వేషాలు లేవు. ఆ సభకు చీర కట్టుకుని వెళ్ళాలని నాకు ఉంది.

నన్ను చీరలో చూడని పెద్దమనిషి ఆ ఊళ్ళో లేడు. రాత్రి పదింటి నుంచి తెల్లవారుజాము దాకా కూర్చుని చూసినవాళ్ళే అందరూ. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యానికి వన్స్ మోర్ కొట్టి, ఒక రైతు వేదిక ఎక్కి వచ్చి, పది రూపాయల నోటు నా పైటకు పిన్నుతో గుచ్చి వెళ్ళాడు. కానీ ఆయన గుచ్చింది చంద్రమతి పైటకు. అదే మనిషి అదే చీరలో, పాత్ర అనేది ఏదీ లేకుండా, కుర్చీల మధ్య నడిచి వస్తే ఏమవుతుందో నా ఊహకు అందడం లేదు.

దీనికి తోడు మీసం. మా నాన్నగారికి డెబ్భై ఆరేళ్ళు, సభలో ఆయన ముందు వరసలో కూర్చుంటారు. తండ్రి బతికి ఉండగా కొడుకు మీసం తీయకూడదన్న పట్టింపు మా ఇంట్లో గట్టిది. నాటకాల రోజుల్లో మాత్రం అది కళ కోసమని ఆయనే మా అమ్మకు సర్దిచెప్పేవారు. చివరి నాటకం ఆడిన మరునాటి నుంచి పెంచిన మీసం ఇప్పటికీ ఉంది. ఇంట్లో చీర కట్టుకున్నప్పుడూ ఉంటుంది. రెండేళ్ళ క్రితం హైదరాబాదులో లైంగిక, జెండర్ మైనారిటీల హక్కుల కోసం జరిగే ప్రైడ్ నడకలో మీసంతోనే చీరలో నడిచాను, అక్కడ ఎవరూ వింతగా చూడలేదు. కానీ అక్కడ నా పేరు తెలిసినవాళ్ళు లేరు, తెనాలిలో అందరికీ తెలుసు.

ఇప్పుడు నా ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, అందరిలాగా ప్యాంటు, చొక్కా. రెండు, మీసం తీసేసి, సవరం పెట్టుకుని, నిండుగా చీర. మూడు, లాల్చీ, పైజమా వేసుకుని, కళ్ళకు సన్నగా కాటుక, చెవులకు చిన్న దుద్దులు, అంటే అడిగినవాళ్ళకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోగలిగిన రూపం. పదిమంది కూడే చోటికి ఏ రూపంలో వెళ్ళాలో మీరు ఎలా నిర్ణయించుకుంటారు? అనుభవం ఉన్నవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1
రాసినవారు: రెండో బీరువా

పాత చంద్రమతి గారికి, నాకు యాభై ఎనిమిదేళ్ళు. హైదరాబాదులో పాతికేళ్ళుగా చీరలో బయటికి వెళ్తున్నాను, ఏడాదికి ఏ పదిసార్లో. మనలో చాలామంది సభ గురించి ఆలోచించినంతగా దారి గురించి ఆలోచించరు. సభలో మీరు ఉండేది మూడు గంటలు. హైదరాబాదు నుంచి తెనాలి దాదాపు 300 కిలోమీటర్లు. రైలు, ఆటో, లాడ్జి కౌంటరు, టిఫిను హోటలు, మరుగుదొడ్డి, ఇవన్నీ కలిపితే ఒక రోజంతా అవుతుంది. సభలో మిమ్మల్ని గౌరవించడానికి పిలిచినవాళ్ళు ఉంటారు, దారిలో ఉండరు. కాబట్టి ప్రయాణమంతా ప్యాంటు, చొక్కాలోనే చేయండి, లాడ్జిలో మీ ఆధార్ కార్డు మీద ఉన్న రూపంలోనే గది తీసుకోండి, మార్చుకోవడం ఆ తరువాత.

నాకు ఈ బుద్ధి ఎలా వచ్చిందో చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం ఒక షాపింగ్ మాల్‌కు చీరలో వెళ్ళాను. ద్వారం దగ్గర ఆడవాళ్ళను తెర చాటున, మగవాళ్ళను బయట తనిఖీ చేస్తున్నారు. నేను ఆలోచించకుండా ఆడవాళ్ళ వరసలో నిలబడ్డాను. తెర లోపల ఉన్న అమ్మాయికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవేమో. నా నడుము దగ్గరికి చేయి తెచ్చి, నేను సంచీ గురించి ఏదో అనగానే గొంతు విని, చేయి చటుక్కున వెనక్కి తీసుకుని గోడకు ఆనుకుంది. ఆ ముఖంలో కోపం లేదు, భయం ఉంది. తరువాత వాళ్ళ పై అధికారి వచ్చి నా మీద అరిచాడు, బయటికి పంపించాడు. ఆ అరుపులు నేను ఎప్పుడో మరిచిపోయాను, ఆ అమ్మాయి గోడకు ఆనుకోవడం మాత్రం మరిచిపోలేదు. అప్పటి నుంచి తనిఖీ ఉన్న ప్రతి చోటా ముందే ఒక గార్డును పక్కకు పిలిచి, నేను మగవాణ్ణి, ఎటు నిలబడమంటారు అని మెల్లగా అడుగుతాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు. మెట్రోలో ఆడవాళ్ళకు కేటాయించిన వైపు ఎక్కను. రైల్లో మహిళల పెట్టెలోకి మగవాడు ఎక్కడం రైల్వే చట్టం ప్రకారం నేరమే, ఒంటి మీద ఏ బట్టలున్నా సరే. నాంపల్లిలో జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు ప్రతి ఏడాదీ చీరలో వెళ్ళి మరీ గాజులు కొనుక్కుంటాను, కానీ మహిళలకు ప్రత్యేకించిన రోజున ఆ ఛాయలకు పోను.

చట్టం గురించి మీరు అడగలేదు, అయినా మనవాళ్ళలో భయం ఎక్కువ కాబట్టి రాస్తున్నాను. నిజాం కాలంలో 1329 ఫసలీలో, అంటే మన లెక్కలో 1919లో, హైదరాబాదు రాజ్యంలో నపుంసకుల చట్టం ఒకటి వచ్చింది. దాని కింద ప్రభుత్వం ఒక రిజిస్టరు పెట్టి, అందులో పేరున్న మనిషి ఆడ దుస్తుల్లోనో నగలతోనో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకుని రెండేళ్ళ వరకు జైల్లో వేయడానికి వీలుండేది. మనం ఆ రిజిస్టరులో ఉండే మనుషులం కాకపోయినా, రాత్రి పూట బజారులో మనల్ని ఆపిన కానిస్టేబులుకు ఆ తేడా తెలుసన్న నమ్మకం నాకు ఏనాడూ ఉండేది కాదు. నిజాం పోయినా ఆ చట్టం పుస్తకాల్లో నిలిచే ఉంది. చివరికి 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. దానికి ముందే 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు, మనిషి తన జెండర్‌ను దుస్తుల ద్వారా, మాట ద్వారా, నడవడి ద్వారా వెల్లడించుకోవడం 19వ అధికరణం ఇచ్చిన భావ ప్రకటన స్వేచ్ఛలో భాగమేనని చెప్పింది. 377వ సెక్షన్ మీద 2018 సెప్టెంబరు 6న వచ్చిన తీర్పును చాలామంది దీనితో కలుపుతారు. అది లైంగిక సంబంధాలకు సంబంధించినది, చీరకూ దానికీ ముడి లేదు. వేరొకరినని నమ్మించి మోసం చేస్తే నేరం గానీ, మగవాడు చీర కట్టుకుని సభకు వెళ్ళడం నేరం కాదు.

ఇక రూపం. నేను ఎక్కడికి వెళ్ళినా ముందు వేసుకునే ప్రశ్న, ఈ సందర్భం ఎవరిది అని. మా మేనకోడలి పెళ్ళికి పంచె కట్టుకుని వెళ్ళాను. ఆ రోజు ఆ పిల్లది, అందరి కళ్ళూ ఆమె మీద ఉండాలి, నా మీద కాదు. దానికి నాకు ఇప్పటికీ చింత లేదు. మీ వార్షికోత్సవంలో మీకు శాలువా కప్పేది మీరు చీర కట్టుకుని చేసిన పనికే. ఆ చీరను ఇంట్లో దాచి శాలువా తీసుకోవడం నాకైతే కష్టంగా ఉంటుంది. చీరలోనే వెళ్ళండి, మీసం మాత్రం తీయవద్దు. మీసం ఉన్నంతసేపు మిమ్మల్ని ఎవరూ పొరబడరు, మీరు ఎవరినో మోసం చేస్తున్నారని ఎవరూ అనలేరు, మీ నాన్నగారి పట్టింపూ నిలుస్తుంది.

జవాబు 2
రాసినవారు: ఇంటావిడ

నేను క్రాస్ డ్రెసర్‌ని కాదు, ఒక క్రాస్ డ్రెసర్ భార్యను. పెద్దాయన రాసినదంతా శ్రద్ధగా చదివాను. సందర్భం ఎవరిదో చూసుకోవాలన్న మాట బాగుంది, కానీ అందులో ఒక మనిషి తప్పిపోయింది. అన్నయ్య గారూ, మీ ప్రశ్నలో మీ భార్య మొదటి పేరాలో ఒక్కసారి కనిపించి మళ్ళీ ఎక్కడా లేదు. నాన్నగారు ఉన్నారు, ఊరి పెద్దమనుషులు ఉన్నారు, నోటు గుచ్చిన రైతు కూడా ఉన్నాడు. ఆమె సభకు వస్తున్నారో లేదో కూడా మీరు రాయలేదు.

మా ఇంట్లో జరిగినది చెబుతాను. నాలుగేళ్ళ క్రితం మావారి స్నేహితుల బృందం ఒక హోటల్లో పాటల కార్యక్రమం పెట్టుకుంది. నేను తయారై హాల్లో కూర్చున్నాను. ఆయన గదిలోంచి నా వంకాయ రంగు పట్టుచీరలో బయటికి వచ్చారు. చీరలో ఆయనను చూడడం నాకు కొత్త కాదు, ఇంట్లో కుచ్చిళ్ళు పట్టేదే నేను. కానీ బయటికి వెళ్తారని నాకు తెలియదు. గుమ్మం దగ్గర, ఆటో అప్పటికే వచ్చి నిలబడి ఉండగా, నేను వద్దంటే ఆయన మనసు విరుగుతుంది, సరేనంటే నాకు గుండె దడ. సరేనన్నాను. మేము ఇల్లు చేరేలోపే ఎవరో తీసిన ఫోటో మా పెద్దమ్మ కూతురి ఫోనుకు చేరింది. మరునాడు ఉదయం ఆరున్నరకు ఫోను చేసి, మీ ఆయనకు ఏమైంది అని అడిగితే, నా దగ్గర జవాబు లేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే అలాగే చూస్తూ నిలబడ్డాను. నా కోపం చీర మీద కాదు. అడిగినవాళ్ళకు చెప్పడానికి నాకు ఒక్క మాట కూడా సిద్ధం చేసి ఇవ్వకుండా నన్ను అక్కడికి తీసుకువెళ్ళినందుకు.

అందుచేత, వెళ్తున్నానని ఆమెకు చెప్పకండి, వెళ్ళనా అని అడగండి. ఆమె రాకూడదనుకుంటే ఆ స్వేచ్ఛ ఇవ్వండి. వస్తానంటే, ఎవరు ఏమి అడిగితే ఏమి చెప్పాలో ఇద్దరూ కూర్చుని అనుకోండి. పిల్లలు ఉంటే బడిలో వాళ్ళను ఎవరైనా అడిగే మాట గురించి కూడా ఆలోచించండి. ఫోటో ఎలాగూ బయటికి వస్తుంది, దాన్ని ఆపాలని చూడడం వృథా ప్రయాస. మీ దగ్గరి నలుగురు బంధువులకు మీరే ముందు రోజు మంచి ఫోటో ఒకటి పంపి నాలుగు మాటలు రాస్తే, మరునాడు ఉదయం ఆరున్నరకు మీ ఆవిడకు ఫోను రాదు.

ఇంకొకటి, మీరు పొడుగైనవారైతే చీర పన్నా, అంటే వెడల్పు, చూసి కొనండి. మావారికి మామూలు పన్నా చీర మడమల మీదికి లేచిపోతుంది. ఆయన సిగ్గుపడేది మనుషుల చూపులకు కాదు, ఆ కనిపించే మడమలకు.

జవాబు 3
రాసినవారు: పచ్చగన్నేరు

నేను ట్రాన్స్ మహిళను. విజయవాడలో ఉంటాను. మీకు చీర ఒక సాయంత్రం విషయం, నాకు అది నా రోజువారీ బతుకు. సభ అయ్యాక మీరు ప్యాంటులోకి మారి రైలెక్కగలరు, నేను ఎక్కేదీ దిగేదీ ఇలాగే. దీన్ని మీ మీద నిష్ఠూరంగా అనడం లేదు. ప్రైడ్ నడకలో క్రాస్ డ్రెసర్లతో కలిసి చాలాసార్లు నడిచాను, మీరు అక్కడికి రావడం మాకు సంతోషమే. కానీ మీరు పదిమందిలో నిలబడినప్పుడు, మీరు ఎవరని అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇబ్బందిగా ఉందని ట్రాన్స్‌జెండర్ అని ఒక మాట అనేసి తప్పించుకోకండి. మా గుర్తింపు పత్రం కోసం కలెక్టరు కార్యాలయం చుట్టూ తిరిగి, అద్దె ఇల్లు కోసం వీధులు తిరిగి తెచ్చుకున్న పేరు అది.

జవాబు 1 రాసిన పెద్దవారి సలహాలో ఒకటి నాకు నచ్చలేదు. మీసంతో చీర కట్టుకున్న మనిషిని చూసి హైదరాబాదు ప్రైడ్‌లో ఎవరూ నవ్వరు, నిజమే. తెనాలి సభలో నవ్వుతారు, ఎందుకంటే టీవీ కామెడీ కార్యక్రమాల్లో లేడీ గెటప్పులు చూసి చూసి వాళ్ళకు అలవాటైన నవ్వు అది. మీరు వేదిక మీద ఉంటారు కాబట్టి ఆ నవ్వు మిమ్మల్ని తాకకపోవచ్చు. అదే హాలు బయట టీ బండి దగ్గర మాలాంటి మనిషి నిలబడి ఉంటే, మిగిలిన నవ్వంతా ఆమె మీదికి వస్తుంది. మీరు ఏ రూపంలో వెళ్ళినా అది నవ్వుగా మారకుండా చూసుకునే బాధ్యత కొంత మీది. అంతకు మించి నేను చెప్పేది లేదు.

జవాబు 4
రాసినవారు: తెర వెనుక మనిషి

నేను ముప్పై ఏళ్ళుగా పద్యనాటకాలకు మేకప్ చేస్తున్నాను, కృష్ణా, గుంటూరు జిల్లాల్లోనే ఎక్కువ. పచ్చగన్నేరు గారి భయం సరైనదే, దాన్ని నాటకం వైపు నుంచి వివరిస్తాను.

తెనాలి ప్రేక్షకులకు మగవాడు చీర కట్టడం కొత్త కాదు. స్థానం నరసింహారావు గారు ఆ ఊళ్ళోనే రామ విలాస సభలో సత్యభామగా, రోషనారాగా పేరు తెచ్చుకుని, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు భామ వేషంతోనే 1970లో పద్మశ్రీ పొందారు. తిరుపతి గంగమ్మ జాతరలో ప్రతి మే నెలా మొక్కు ఉన్న మగవాళ్ళు చీరలు కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో నడుస్తారు, పక్కన భార్యలు, తల్లులు కూడా నడుస్తారు. ఎవరూ నవ్వరు. ఎందుకు నవ్వరో గమనించండి. అక్కడ చీరకు వెనుక ఒక కారణం ఉంది. పాత్ర గానీ, మొక్కు గానీ. చూసే మనిషికి ఆ కారణం ముందే తెలుసు. మీరు వెళ్ళాలనుకుంటున్నది ఏ కారణమూ అడ్డం పెట్టుకోకుండా, నాకు ఇష్టం అన్న ఒక్క మాటతో. అది తప్పని నేను అనడం లేదు, కానీ ఆ మాట వాళ్ళ చెవిన పడకముందే మీరు వాళ్ళ కంట పడితే, ఖాళీగా ఉన్న ఆ చోటును నవ్వుతోనే నింపుతారు.

అందుకని ఒక పని చేయండి. ఈ వారంలోనే సమాజం కార్యదర్శితో మాట్లాడండి. చివరి నిమిషంలో తెలిస్తే ఎంత మంచివాడైనా కంగారు పడతాడు. నెల ముందు తెలిస్తే మీ తరఫున నలుగురికి చెప్పి పెడతాడు. లాడ్జి నుంచి చీరలో రావడం కంటే హాలులో గ్రీన్ రూము అడగండి, దాంతో ఆటో, వీధి, టీ బండి అన్నీ తప్పుతాయి. కూర్చున్నవాళ్ళ మధ్య నుంచి నడిచి రావద్దు, సైడ్ వింగు నుంచి వేదిక మీదికి రండి. మీ శరీరానికి ఆ నడక పదేళ్ళ పాటు అలవాటు. హాస్యపాత్ర వేసిన మనిషి మాట్లాడిన వెంటనే మీ పేరు పిలవకుండా వరస మార్చమనండి. పరిచయం చేసేవాడు చమత్కారాలు చేయకుండా, చంద్రమతిగా ఇన్ని ప్రదర్శనలు ఇచ్చారు, ఈ రోజు తన ఇష్టంతో చీరలో వచ్చారు అని రెండు వాక్యాలు సూటిగా చెబితే చాలు.

మీసం గురించి మాత్రం నా చేతి అలవాటు వేరు. సవరం, రంగు, నగలు అన్నీ పెట్టి మీసం ఉంచితే చూసే కన్ను హాస్యం వైపు పోతుంది. మీసం ఉంచదలిస్తే సవరం వద్దు, రంగు వద్దు. మీ జుట్టు మీకుండగా, ఒక నేత చీర, చిన్న బొట్టు, చేతికి రెండు గాజులు. అప్పుడు అది వేషంలా కనిపించదు. మీసం తీస్తే మిగతావన్నీ చేసుకోవచ్చు. సగం అటూ సగం ఇటూ చేస్తేనే ఇబ్బంది.

జవాబు 5
రాసినవారు: డాలస్ నుంచి ఒకరు

మీ మూడో దారిని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ హాలోవీన్ రోజున నేను లంగా, ఓణీ వేసుకుని ఆఫీసుకు వెళ్తాను, అందరూ మెచ్చుకుంటారు. ఉగాదికి తెలుగువాళ్ళు కలిసే చోటికి మాత్రం ఆరేళ్ళుగా కాటుక, దుద్దులు, పూల అంచు ఉన్న లాల్చీతోనే వెళ్తున్నాను. అది పిరికితనమని మొదట అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోవడం లేదు. మొదటి ఏడాది దుద్దులు చూసి ముఖం తిప్పుకున్న ఒక పెద్దావిడ, నిరుడు వాటి జత ఎక్కడ కొన్నావు నాయనా అని అడిగింది. మీకు అయిదు నిమిషాలే ఉన్నాయి, నాకు ఆరేళ్ళు ఉన్నాయి, అంతే తేడా.

అడిగినవారి జవాబు
పాత చంద్రమతి

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పది రోజులు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, ఈ పది రోజుల్లో చాలా జరిగింది.

ఇంటావిడ గారి మాట చదివి నాకు తల కొట్టేసినట్టయింది. నా ప్రశ్నను మళ్ళీ చదువుకున్నాను, నిజంగానే నా భార్య అందులో లేదు. ఆ రాత్రే మా ఆవిడ ముందు ఫోను పెట్టి మీ జవాబులన్నీ చదివించాను. ఆమె మొత్తం చదివి, ఇన్నాళ్ళకు అడిగారు, అని మాత్రం అని లేచి వెళ్ళింది. మరునాడు సాయంత్రం ఆమే చెప్పింది, సభకు వస్తానని, కానీ మా నాన్నగారికి ముందే తెలియాలని, ఆయన ముందు వరసలో కూర్చుని మొదటిసారి చూడకూడదని.

కిందటి ఆదివారం ఊరికి వెళ్ళాను. నాన్నగారు పెరట్లో మంచం మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీలుస్తున్నారు. ఎదురుగా నేల మీద కూర్చుని, సభకు చీరలో వెళ్ళాలని ఉందని, ఇది నాటకం కోసం కాదని, నాటకాల రోజుల్లో కూడా పూర్తిగా నాటకం కోసం కాదని చెప్పాను. ఆ చివరి మాట చెప్పడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఆయన కత్తి ఆపలేదు. ఒక మట్ట మొత్తం ఈనెలు తీసి, కట్టగట్టి, పక్కన పెట్టి, అప్పుడు అన్నారు: "చీర నీ ఇష్టం. మీసం మాత్రం నేనుండగా తీయవద్దు." నాటకాలకు మీరే తీయించేవారు కదా అంటే, అప్పుడు నువ్వు చంద్రమతివి, ఇప్పుడు నువ్వు నువ్వే కదా, నా కొడుకు మీసం ఎందుకు తీయాలి అన్నారు. ఆయన మాట నాకు పూర్తిగా అర్థమైందో లేదో తెలియదు గానీ, ఎదురు చెప్పబుద్ధి కాలేదు.

కాబట్టి మీసం ఉంటుంది, సవరం ఉండదు. తెర వెనుక మనిషి గారు చెప్పినట్టు కార్యదర్శితో మాట్లాడాను. ఆయన మొదట బాగా తటపటాయించి, కమిటీలో ఇద్దరు ఒప్పుకోరని అన్నారు; రెండు రోజుల తరువాత ఫోను చేసి, ఒకరు ఒప్పుకున్నారని, రెండోవారు ఆ రోజు రారని చెప్పారు. గ్రీన్ రూము ఇస్తామన్నారు. పరిచయ వాక్యాలు నేనే రాసి పంపాను. అందులో క్రాస్ డ్రెసర్ అనే మాటే రాశాను, పచ్చగన్నేరు గారూ, వేరే మాట ఏదీ వాడలేదు. నవ్వు వస్తే ఏం చేయాలో మాత్రం ఇంకా తేలలేదు. వేదిక ఎక్కగానే నమస్కారాలకు బదులు కాటిసీను పద్యం ఎత్తుకుందామని అనుకుంటున్నాను. నా గొంతులో ఆ పద్యం విన్న ఊరు అది.

చీర మా ఆవిడే కొన్నది, మంగళగిరి నేత, ముదురు ఆకుపచ్చ, సన్నని జరీ అంచు. పన్నా కొలిచి మరీ తెచ్చింది. ఒక చిన్న సందేహం: పాత స్టేజీ జాకెట్టు భుజాల దగ్గర పట్టడం లేదు. హైదరాబాదులో టైలరుకు నా కొలతలు ఇవ్వడానికి ఎలా వెళ్ళాలి?

జవాబు 6
రాసినవారు: రెండో బీరువా

మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య వెళ్ళండి, ఆ సమయంలో షాపులో రద్దీ ఉండదు. ప్యాంటు, చొక్కాలోనే వెళ్ళి, నాటకాల బట్టలు కుట్టే టైలరు అయితే సరే గానీ, కాకపోతే జాకెట్టు మీకేనని ముందే చెప్పండి. భార్య కొలతలని చెబితే భుజాలు తప్పుగా కుడతారు. పాత జాకెట్టు కూడా వెంట తీసుకువెళ్ళండి. చంక కింద రెండు అంగుళాలు, భుజానికి ఒక అంగుళం వదులు పెట్టమనండి, పద్యం ఎత్తుకునేటప్పుడు చేయి పైకి లేవాలి కదా. గాజులు 2-10 సైజువి అడగండి, మగచేతికి అవే పడతాయి.

జవాబు 7
రాసినవారు: ఇంటావిడ

హుక్కులు వెనుక కాకుండా ముందు పెట్టించుకోండి అన్నయ్య గారూ. గ్రీన్ రూములో మీ ఆవిడను లోపలికి రానిస్తారో లేదో తెలియదు.